పట్టీ పట్టని మెడ

పిలిచేదాకా గోకకూడదు. పిలవరు. పెద్దాసుపత్రి చర్మం ఓపీ ముందు సిమెంటు బల్ల మీద కూచుని ఈ రెండు ముక్కలే మార్చి మార్చి నములుతున్నాను. గోకితే ఇంకా పెరుగుతుందని పెద్ద డాక్టరమ్మ మొదటిసారే చెప్పింది, చెప్పడానికేం, లోపల చీమలు పుట్ట పెట్టినట్టుంటే చెయ్యి నన్నడిగి లేస్తుందా, ఎడమ దవడ కిందనుంచి మెడ మొదలు దాకా ఎర్రగా, నున్నగా, మెరుస్తూ, ఉడకబెట్టిన రొయ్యని తెచ్చి అతికించినట్టుంటుంది నా మచ్చ. కాలినప్పుడు చింతపిక్కంత గాయం. మానినట్టే మాని తరవాత మొదలెట్టింది పెరగడం, గాయం ఆగిన చోట ఆగకుండా మంచి చర్మం మీదికి కూడా కాళ్లు చాపుకుంటూ, పక్కవాడి గట్టు చెక్కుకుంటూ పోయే మోతుబరిలాగ. దీని పేరు కెలాయిడ్. పేరు తెలిసినంత మాత్రాన దురద తగ్గదు. ఈ దేశంలో చాలా రోగాలకి పేర్లు తెలుసు.

పక్కన మా బావ గురునాథరావు, మా అప్ప చిట్టమ్మ మొగుడు. ఒళ్లో స్టీలు కేరేజీ పెట్టుకుని దాని పిడి రెండు చేతులతో పట్టుకున్నాడు, ఎవడో లాక్కుపోతాడన్నట్టు. సూదికి వచ్చిన ప్రతిసారీ నాతో వస్తాడు. ఎందుకొస్తాడో నాకు తెలుసు, తెలుసునని ఆయనకీ తెలుసు, కూర్మన్నపాలెంలో బస్సెక్కింది మొదలు ఇక్కడ దిగేదాకా ఎండ గురించీ చేపల ధర గురించీ మాట్లాడుకుంటాం, ఆ ఒక్కటీ తప్ప. రేపు లేబరాఫీసులో విచారణ. ఆటోనగర్లో మేం పనిచేసే ఇనుప పోతల ఫౌండ్రీ లోంచి నన్ను తీసేశారు. కారణం హెల్మెట్టు పట్టీ. గడ్డం కింద పట్టీ బిగించుకోనివాణ్ణి గేటు లోపలికి పంపకూడదని రూలు, రూలు మంచిదే, ఆ రూలు పెట్టమని గేటు ముందు గొంతు చించుకున్నవాడిని నేనే, ఇప్పుడా పట్టీ సరిగ్గా ఈ రొయ్య మీదే పడుతుంది, పడితే నిప్పు, సాయంత్రానికి రక్తం. వదులు చేసుకుంటే గేటు దగ్గర ఆపుతారు. ఆపారు. గాయం పనిలో అయిందని రేపు తేలితే నన్ను మళ్లీ తీసుకోవాలి, పట్టీ అక్కర్లేని పనిలోనైనా పెట్టాలి. తేలకపోతే ఆ గేటు నాకిక గోడే. ఇంట్లో గంజి వారుస్తుంటే పడి కాలిందని కాంట్రాక్టరు అర్జునరావు అంటున్నాడు. కాదని చెప్పగలిగినవాడు ఒక్కడే ఉన్నాడు. కేరేజీ పిడి పట్టుకుని నా పక్కనే కూచున్నాడు.

పిలవరు. లోపలికి పోయినవాడు బయటికి రాడు. పైన పంకా తిరుగుతోంది, గాలి కిందికి రావడం లేదు, మా ఫౌండ్రీలో మేనేజరు గది పంకా అయితే కాగితాలు ఎగిరిపోతాయని బరువులు పెట్టుకుంటాడు. పొద్దున బస్సులో ద్వారకానగర్ దాటుతుంటే ఆ బోర్డు కనబడింది, ఎప్పుడూ కనబడేదే, ఒకావిడ చెంప, చెంప మీద వెలుగు గీత, లేజర్ చికిత్స, మచ్చలు మటుమాయం. ఆవిడ చెంప మీద మచ్చ ఎప్పుడుంది గనకా మాయమవడానికి! బావ కూడా అదే చూశాడు. చూసి, కిటికీ ఊచ పట్టుకుని, నా మొహం చూడకుండా అన్నాడు:

"అర్జునరావు లేజర్ సేయిస్తానంతన్నాడు పైడయ్యా. ఖర్చంతా ఆడిదే. బేగి అయిపోద్దట. పట్టీ ఎట్టుకుని ఒచ్చెయ్యమంతన్నాడు పనికి."

"మరి కేసు?"

"కేసొగ్గెయ్మంతన్నాడు."

అదీ సంగతి. నేనేమీ అనలేదు. అనకపోవడం నాకు చేతకాని పని, అయినా అనలేదు, బస్సులో జనం ఉన్నారు, అప్ప కట్టిచ్చిన అన్నం ఆయన ఒళ్లో ఉంది. కాని అప్పట్నుంచీ తల్లో ఆ ఒక్కటే తిరుగుతోంది, లేజరా సూదా, సూదా లేజరా, ఏదో సంతలో రెండు ఎడ్లని నా ముందు కట్టేసి ఎంచుకోమన్నట్టు. ఏడో తరగతిలో బడి మానేసినవాణ్ణి, చదువు నాకు ఎవడూ పెట్టలేదు, నేనే లాక్కుని తిన్నాను, ఫ్యాక్టరీల చట్టం అలాగే చదివాను, కరపత్రం రాయడం అలాగే నేర్చుకున్నాను, ఈ మచ్చ గురించీ అలాగే, పౌర గ్రంథాలయంలో లావుపాటి ఇంగ్లీషు వైద్యం పుస్తకం ఒక చేత్తో, నిఘంటువు ఒక చేత్తో. ఒక పేజీకి ఒక పూట. లేజరంటే వెలుగు. అంటే కాలినదాన్ని మళ్లీ కాల్చడం. నవ్వొచ్చింది అక్కడ, లైబ్రరీ ఆయన ఉరిమి చూశాడు. తరవాత పెద్ద డాక్టరమ్మని అడిగాను, కుసుమకుమారి గారిని, ఆవిడ నన్ను బయటికి పొమ్మనకుండా చెప్పింది, అదొక్కటీ ఒప్పుకోవాలి. లేజరంటే ఒకటి కాదట. ఒక రకం మచ్చలోని సన్న రక్తనాళాల్ని ఎండబెడుతుందట, ఎరుపు తగ్గుతుంది, దురద కొంచెం తగ్గుతుంది, ఇంత మందపు మచ్చని అదొక్కటే చదును చెయ్యలేదట. ఇంకో రకం కత్తిలాగ కోసేస్తుంది, కోసిన రోజు అద్దంలాగ ఉంటుంది, కాని కెలాయిడ్ వచ్చే ఒంటికి ఆ కోత కూడా ఒక గాయమే కదా, మళ్లీ లేస్తుంది, చాలామందికి ముందుకంటే పెద్దదే లేస్తుంది. సూది అయితే నెల నెలా, ఎన్ని నెలలో ముందు చెప్పలేరు, మచ్చలోకే మందు ఎక్కిస్తారు, మెత్తబడుతుంది, అణుగుతుంది, చుట్టూ చర్మం తెల్లబడొచ్చు, పల్చబడొచ్చు, మానేస్తే తిరిగి రావొచ్చు. లేజరుతో పాటు సూది కూడా వేస్తే ఫలితం ఇంకా బాగుంటుందని కొందరంటారట. "అంటే లేజరు చేయించుకున్నా సూది తప్పదా అమ్మా?" అన్నాను. "నీకైతే తప్పదయ్యా" అంది. మరి బోర్డు మీద సూది బొమ్మ లేదేం? మటుమాయం అన్న మాట పక్కన, మళ్లీ రావొచ్చు అన్న మాట లేదేం? ఇదే నాకు మండేది. మాటలో సగం అమ్ముతారు. మిగతా సగం కొనుక్కున్నవాడి ఒంటి మీద బయటపడుతుంది.

సూది మాత్రం సుఖమా. దేవుడి సాక్షిగా అంటారే, నాకు దేవుడు లేడు గాని, ఎవణ్ణైనా పెట్టుకుని చెప్తాను, మొదటిసారి సూది వేసినప్పుడు ఈ వరండా అంతా వినబడేట్టు అరిచాను. లాఠీ దెబ్బకి అరవనివాణ్ణి. సూది లోపలికి దిగదు, కొత్త టైరులో మేకు దింపినట్టు, డాక్టరు బొటనవేలు తెల్లబడేదాకా నొక్కుతుంది, దిగాక మందు కదలదు, చోటు లేదు లోపల, ఉన్న చోటంతా మచ్చే ఆక్రమించింది, ఒక్కో బొట్టూ చర్మాన్ని లోపల్నుంచి చీల్చుకుంటూ పోతుంది. రొయ్య తెల్లగా ఉబ్బుతుంది. అప్పుడు బావ నా చెయ్యి పట్టుకున్నాడు. కాలిన రోజు గ్రీజు రాసిన ఆ చేత్తోనే.

అయినా నిజం నిజమే. ఈ మధ్య రాత్రి నిద్ర పడుతోంది. ఇదివరకు ద్వారబంధానికి మెడ రుద్దుకునేవాణ్ణి గేదెలాగ. రొయ్య తోక వైపు చదునైంది, అక్కడ వేలు పెడితే మెత్తగా, మామూలు మనిషి చర్మంలాగ, కొంచెం తెల్లగా. సంతోషపడాలి. పడలేకపోతున్నాను. ఎందుకంటే ఇన్నాళ్లూ నా దగ్గరున్న సాక్ష్యం ఇదొక్కటే, నెల నెలా నా చేత్తో నేనే దాన్ని కరిగించుకుంటున్నాను. గేటు మీటింగు పెట్టి, చొక్కా పై గుండీ తెంపినట్టు తీసి, ఇదిగో చూడండి అనేవాణ్ణి, జనం చూసేవారు, మొహాలు తిప్పుకునేవారు, నా గొంతు ఇంకా లేచేది. రేపటికి ఇవాళ్టి సూది ఇంకొంచెం అణుస్తుందా? ఇవాళ వేయించుకోకుండా పోతే? విచారణ అయ్యాక వచ్చి వేయించుకుంటే? మచ్చ ఉంటే పట్టీ పట్టదు, మచ్చ పోతే కేసు నిలబడదు, ఇదేం కుట్ర, నా మెడే నా మీద కాంట్రాక్టరు తరఫున నిలబడింది!

"ఏటి బాబూ, గోకీమాక. మా గుంటా అలగే గోకి గోకి ఇంతజేసింది."

ఎదురు బల్ల మీదావిడ. పక్కన పిల్ల, కాలేజీ పిల్లలాగుంది, చున్నీ చెవి మీదికి లాక్కుని కూచుంది. ఆవిడ చున్నీ పక్కకి లాగి చూపించింది నాకు, పిల్ల చెయ్యి విదిలించింది. చెవి తమ్మె కింద ఉసిరికాయంత, ఎర్రగా, నున్నగా, మెరుస్తూ. నాదే. నా మచ్చకి చెల్లెలు.

"రెండో బొక్క ఎట్టించుకుంతానని పీకల మీద కూకుంది. బంగారం కొట్టోడు సెవులు కుట్టే తుపాకీతో కొట్టీసినాడు. మరి నీదేటి? మెడకీ కుట్టించుకున్నావేటి కమ్మలు?"

పిల్ల నవ్వింది. నాకూ నవ్వొచ్చింది, వచ్చి మధ్యలోనే ఆగిపోయింది. ఎందుకాగిందో తెలియడానికి కొంచెంసేపు పట్టింది. ఆ పిల్ల చెవీ నా మెడా పక్కపక్కన పెట్టి ఏది ఇనుము కాల్చింది ఏది కమ్మ పొడిచింది చెప్పమంటే ఎవడు చెప్పగలడు? ఆ చివర కూచున్న ముసలాయన ఛాతీ మీద కూడా ఇదే ఉంది, పోయిన నెల చెప్పాడు, మొటిమ గిల్లుకున్నాడట. అర్జునరావు అదే అంటున్నాడు, నీ ఒళ్లే అంత, నీ చర్మం తత్వం, మేమేం చెయ్యం అంటున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా వాడి పీక పట్టుకోబుద్ధయ్యేది, కాని సగం నిజం ఉంది అందులో, అందుకే అంత మంట, నా ఒంటి తత్వం అదే కావచ్చు, కాని నా ఒంటి మీదికి నిప్పు ఎగరేసింది నా ఒంటి తత్వం కాదు కదా! ఇన్నాళ్లూ గుండీలు తీసి చూపించాను. ఏం చూపించాను? పెరిగింది చూపించాను. కాలింది చూపించలేకపోయాను. మచ్చకి నోరు లేదు. అది ఎవడు ఏ కథ చెప్తే ఆ కథకి తలూపుతుంది, గంజి అంటే గంజి, కమ్మ అంటే కమ్మ.

గంజి. ఆ రోజు ఆఖరి పోత. కరిగిన ఇనుం పోసిన చట్టిని రెండు కాడల మధ్య పెట్టి ఇద్దరు మోస్తారు, ముందు ఒకడు, వెనక ఒకడు, ముందు నేను, వెనక బావ. బావ మేస్త్రీ, మేస్త్రీ మొయ్యక్కర్లేదు, మనిషి తక్కువై తనే కాడ పట్టుకున్నాడు, అలాంటివాడే ఆయన, అదే బాధ, దొంగవెధవ అయితే నాకింత కష్టం లేకపోను. మిగిలినవాళ్లు చేతులు కడుక్కోడానికి పోయారు. ఇసక అచ్చు సరిగ్గా ఆరలేదు. తడి ఇసకలో పోస్తే ఇనుం తిరగబడుతుందని అందరికీ తెలుసు, లారీ వచ్చి గేటు దగ్గర నిలబడి ఉంది, పొయ్యండి పొయ్యండి అని అర్జునరావు కేక. పోశాం. అచ్చు తుమ్మింది. అంతే శబ్దం, మనిషి తుమ్మినట్టు. ఒక్క చుక్క. ఎర్రగా కాదు, తెల్లగా వస్తుంది అది. మెడ మీద పడింది, చొక్కా కాలరులో ఇరుక్కుంది, ఇరుక్కుని వండింది నన్ను. కాడ వదలలేదు నేను, వదిలితే చట్టి బావ కాళ్ల మీద. కిందికి దించాకే అరిచాను. బావ పరిగెత్తుకొచ్చి చేతికందిన గ్రీజు తీసి రాశాడు, మాకు తెలిసిన మందు అదే, మిషనుకీ మనిషికీ ఒకటే డబ్బా. తువ్వాలు చుట్టాడు. వెనక గేటు లోంచి ఆటో ఎక్కించాడు. ఎక్కిస్తూ చెవిలో అన్నాడు, ఆయన నోట్లోంచి వచ్చిన మాట అదే, ఆయన కళ్లలో నీళ్లు కూడా ఉన్నాయి, "పైడయ్యా, ఇంటికాడ గంజి పడ్డాదని సెప్పు. సేఫ్టీ డే నాలుగు రోజుల్లో ఉంది. గేంగందరి నోటికాడ కూడు."

అలాగే చెప్పాను. ఏడాదంతా ప్రమాదం లేకపోతే సేఫ్టీ డేకి గేంగులో అందరికీ బహుమతి. జరిగితే ఎవడికీ లేదు. జరగనివ్వకపోవడం కాదు, జరిగింది చెప్పకపోవడం నేర్పించే బహుమతి. ఎంత తెలివి! మనకి మనమే కాపలా. ఆ ఏడాది కేరేజీలు ఇచ్చారు. మూడు గిన్నెల స్టీలు కేరేజీ, పై మూత మీద మిషనుతో కొట్టించి ఇచ్చారు, ప్రమాద రహిత సంవత్సరం అని. దాని కింద మా అప్ప తిరనాళ్లలో పేర్లు చెక్కేవాడి దగ్గర చుక్కలు చుక్కలుగా తన పేరు కొట్టించుకుంది, చిట్టమ్మ అని, స్టీలు గిన్నె మీద పేరు లేకపోతే అది సొంతమైనట్టు కాదు మాకు. ఆ రెండూ ఒకదాని కింద ఒకటి. ఇప్పుడు నాకు కనబడుతున్నాయి, బావ బొటనవేలు వాటి మీద అటూ ఇటూ తిరుగుతోంది, తిరిగి తిరిగి అక్షరాలు అరిగిపోవాలన్నట్టు. నాకూ వచ్చింది కేరేజీ. పక్క మీద పడుకుని ఉంటే ఇంటికి పంపించారు. నేను అందులో తినలేదు, ఇంటి వెనక కోళ్లకి నూకలు పోస్తాను.

బావని రమ్మని అడగలేదు నేను. సాక్షిగా రమ్మని ఒక్కసారీ అడగలేదు. ఊరందరినీ నిలదీసేవాణ్ణి, మేనేజర్ని కారు ఆపి అడిగినవాణ్ణి, ఈ ఒక్క మనిషిని అడగడానికి నాలుక తిరగలేదు. చెప్తే ఆయన మేస్త్రీ పని ఆ సాయంత్రమే పోతుంది. అప్ప ఉంది. పిల్లలున్నారు. కాబట్టి అడగకుండా అరిచాను, గేటు దగ్గర, వీధిలో, ఇంట్లో, ఆయన వినబడేంత దూరంలో ఉన్నప్పుడు ఇంకా గట్టిగా అరిచాను, ఎంత గట్టిగా అరిస్తే అంత సులువు ఆయనకి, నోరు తెరవక్కర్లేదు, అన్నీ నేనే చెప్తున్నాను కదా. నా నోరే ఆయన నోటికి తాళం వేసిందేమో. ఈ ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఎదురుగా పిల్ల చెవి చూస్తుంటే వచ్చింది, రాకపోతే బాగుండును.

"పైడయ్య! ఎవరు పైడయ్య?"

లేచాను. బావ కూడా లేచాడు, కేరేజీ గలగలమంది. లోపల పెద్ద డాక్టరమ్మ లేదు, ఎక్కడికో మీటింగుకి వెళ్లిందట, కొత్తగా వచ్చిన చిన్న డాక్టరు, కోటు జేబు మీద శ్రీసత్య అని పేరు, మాట కృష్ణా జిల్లా మాట. గుండీ తీశాను. వంగి చూసింది, వేలితో నొక్కింది. "బాగానే అణిగిందండీ. ఇంకా వేయాలి. మానకూడదు మధ్యలో." అప్పుడు ఉన్నట్టుండి అడిగాను, లేజరు చేయిస్తామంటున్నారమ్మా, ఒక్కసారిలో పోతుందంటున్నారు, చేయించుకోనా అని. ఎందుకడిగాను? తెలిసిందే మళ్లీ అడిగాను. బావ వినాలని. ఆవిడ సీసాలోంచి మందు లాగుతూ తల అడ్డంగా ఊపింది. "ఒక్కసారిలో పోదండీ మీది. పోయినట్టు కనబడుద్ది. లోపల కదిలించకుండా పైపైన చెక్కితే మళ్లీ వస్తుందండీ, ఎక్కువే వస్తుంది."

బావ నేల చూపులు చూస్తున్నాడు.

ఆవిడ సూది పైకెత్తి గాలి తీసింది. కొత్తగా వచ్చినవాళ్లందరూ అడిగేదే అడిగింది. "అసలు ఎలా అయిందండీ గాయం?"

ఈ ప్రశ్నకి నా దగ్గర ఉపన్యాసం ఉంది. ప్రతి కొత్త డాక్టరుకీ అప్పజెప్పాను, తడి ఇసక, లారీ, కాంట్రాక్టరు దోపిడీ, గేటు, పట్టీ, చెప్తుంటే వాళ్ల కళ్లు గోడ గడియారం మీదికి పోయేవి. నోటిదాకా వచ్చింది. వచ్చిన దాన్ని పళ్ల వెనక పట్టేశాను. ఎంత కష్టమో నాకే తెలుసు, చట్టి కాడ పట్టుకోవడమే నయం. ఊరుకున్నాను. బావ వైపు కూడా చూడలేదు, చూస్తే అడిగినట్టు, గోడ మీద కుష్టు నివారణ బొమ్మ చూస్తూ నిలబడ్డాను. డాక్టరు నా మొహం చూసింది, బావ మొహం చూసింది. "కూచోండి. తల అటు తిప్పండి. నొప్పి ఉంటుంది." దూది చల్లగా తగిలింది. పంకా కిర్రుమంటోంది. నా బతుకులో ఇంత నిశ్శబ్దం నేను చెయ్యలేదు ఎప్పుడూ. సూది మొన ఆనింది, తోక దగ్గర కాదు, మధ్యలో, ఇంకా గట్టిగా ఉన్న చోట. బావ ఎప్పట్లాగే నా చెయ్యి పట్టుకోడానికి కేరేజీ కింద పెట్టబోయాడు, పెట్టలేదు, పొట్టకి అదుముకున్నాడు.

"గంజి కాదమ్మా," అన్నాడు.

డాక్టరు చెయ్యి ఆగింది. "గంజి అని ఎవరన్నారండీ?"

ఎవరూ అనలేదు. ఆ గదిలో ఆ మాట ఎవరూ అనలేదు.

"నానే," అన్నాడు బావ. "నానే అన్నానమ్మా. ఆడి సేతా అనిపించినాను. ఇనుమమ్మా అది. మాయిద్దరి సేతుల్లోదే..."

సూది లోపలికి దిగింది. ఈసారి అరవలేదు నేను. అరిస్తే ఆయన మాట వినబడదు.